ముసలమ్మ తూలకూడదు!

రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగితే మా ఇంట్లో ఎవరూ కంగారుపడరు. అమెరికా ఫోనని అర్థం! అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఆ టైములోనే చేస్తాడు. మామూలుగా అయితే క్షేమ సమాచారాలు, గోంగూర పచ్చడి పార్సిలు సంగతులు. రెండేళ్ల కిందట ఆ రోజు మాత్రం వాడి గొంతు వేరుగా ఉంది.

"అక్కా, నువ్వోసారి నాన్నతో మాట్లాడాలి."

మా చుట్టాల్లో ఈ మాట రెండు సందర్భాల్లోనే వినిపిస్తుంది. ఒకటి పెళ్లి, రెండోది పొలం. "ఎవర్రా ఆ అమ్మాయి?" అనేశాను.

"అమ్మాయి కాదక్కా... కారు!"

కారు కొనుక్కోవడానికి రాయబారం ఎందుకంటారా? అది మామూలు కారు కాదు. స్పోర్ట్స్ కూపే. ఎత్తు తక్కువ, తలుపులు రెండే. ఇంజను ముందుంటే, నడిపించేవి వెనక చక్రాలు. చదువుకునే రోజుల నుంచీ మావాడి గోడ మీద ఆ బొమ్మే ఉండేది. ఇన్నాళ్లకు కొనే స్తోమత వచ్చింది. వాళ్ల నాన్న మాత్రం వద్దంటే వద్దంటున్నారు.

మా బాబాయి ఎవరో కాదు... తెనాలి డిపోలో ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. ఆయన దృష్టిలో కారంటే నలుగురు కూర్చోవాలి, అయిదో మనిషిని సర్దుకోమనాలి. "రెండు తలుపులేందిరా? మనింట్లో బీరువాకీ రెండు తలుపులే!" అన్నారట. పిన్నిది మరో బాధ. "మేమొస్తే ఈ మోకాళ్లతో ఆ వెనక సీట్లోకి ఎట్లా దూరేది?"

నవ్వొచ్చింది నాకు. కానీ మావాడు నవ్వలేదు.

"ఇంటి అప్పు తీర్చానక్కా. చెల్లి పెళ్లి చేశాను. ముప్ఫై ఒకటొచ్చింది. ఇన్నేళ్లలో నాకోసం అడిగింది ఇదొక్కటే. పేపర్లో రాస్తావుగా... నువ్వు చెబితే నాన్న వింటారు."

పేపర్లో రాసేవాళ్లకు అన్నీ తెలుసని మా చుట్టాల నమ్మకం. నాకు తెలిసిందల్లా ఆఫీసుకెళ్లే స్కూటరు, ఆదివారాలు మాత్రం బయటికి తీసే పాత మారుతి. అయినా మాటిచ్చాను. మాటిచ్చాక చదవక తప్పలేదు. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే... ఈ గొడవలో తండ్రీకొడుకులిద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారు. అది వాళ్లకే తెలియడం లేదు!

లాగే బండి... నెట్టే బండి

ఇంతకీ ముందు చక్రాలేమిటి, వెనక చక్రాలేమిటి? ఎద్దుబండిని ముందు నుంచి లాగుతారు. కూరగాయల తోపుడుబండిని వెనక నుంచి నెడతారు. కార్లలో తేడా కూడా దాదాపు అంతే. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్నకార్లలో చాలావరకు మొదటి రకం. ఇంజను శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. బండిని లాగేవీ అవే, మలుపు తిప్పేవీ అవే. ఒకే మనిషి వంటా చేసి, వడ్డనా చేసినట్టు!

వెనక చక్రాల బండిలో పని పంచుకుంటాయి. ముందువి దారి చూపిస్తాయి, వెనకవి నెడతాయి. పైగా బండి ఊపుగా ముందుకు కదిలినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. స్కూటరు మీద వెనక కూర్చున్నవాళ్లకు ఇది అనుభవమే. ఆ బరువు వెనక టైర్లను రోడ్డుకేసి నొక్కుతుంది, పట్టు పెరుగుతుంది. ముందు టైర్లకు లాగే పని లేదు కనుక స్టీరింగు చేతిలో తేలిగ్గా, నిజాయతీగా ఉంటుంది. రోడ్డు ఎలా ఉందో అరచేతికి తెలిసిపోతుంది. ఈ రకం బండి నడపడమంటే కొందరికి ప్రాణం లేచొచ్చేది అందుకే.

మనకిదేం కొత్త కాదు. అంబాసిడర్ వెనక చక్రాల బండే. ప్రీమియర్ పద్మిని కూడా అంతే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే ముందు చక్రాల పద్ధతి ఇంటింటికీ చేరింది. బడి పిల్లల్ని కిక్కిరిసి తీసుకెళ్లిన మారుతి ఓమ్నీ సైతం వెనక చక్రాలదే! ఇక బస్సూ లారీ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంజను నుంచి పొడవాటి షాఫ్టు బండి కిందుగా వెనక్కి వెళ్తుంది.

మరి కార్లలో ఆ పద్ధతి ఎందుకు తగ్గిపోయింది? ఆ షాఫ్టుకు చోటు కావాలి. ఖర్చు ఎక్కువ. ఇంజనూ, గేర్‌బాక్సూ, చక్రాలూ అన్నీ ముందే సర్దేస్తే లోపల మనుషులకు జాగా మిగులుతుంది. సంసారానికి అదే మేలు. అందుకే వెనక చక్రాల చిన్నకారు సరదా బండిగా మిగిలిపోయింది. సరదాకు ధర ఎక్కువ కదా... అందుబాటు ధరలో దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఎనభయ్యారు కథ

సామాన్యుడికీ స్పోర్ట్స్ కారు అన్న ఆలోచన కొత్తదేం కాదు. 1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను జనం ముందుకు తెచ్చింది. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. గుమస్తాలూ, టీచర్లూ కొనగలిగిన అందమైన బండి! రెండేళ్లలోపే పది లక్షలు తయారయ్యాయి. 1989లో మాజ్దా మియాటా వచ్చింది. టాపు తీసేసే రెండు సీట్ల బుల్లిబండి. 2016లో పది లక్షలు దాటింది.

మావాడి గోడ మీద ఉన్న బొమ్మ మాత్రం జపాన్‌ది. 1983లో టయోటా కంపెనీ కరోలా కుటుంబంలోనే ఓ చిన్న కూపే తెచ్చింది. కంపెనీ లెక్కల్లో దాని సంకేతం ఏఈ86. 1.6 లీటర్ల ఇంజను, తక్కువ బరువు, వెనక చక్రాలు. అప్పటికే కంపెనీలన్నీ ముందు చక్రాల వైపు మళ్లుతున్నాయి. 1987లో దాని తయారీ ఆగింది. అక్కడితో మరుగునపడాల్సిన బండి... పడలేదు! కొండదారుల్లో కుర్రాళ్లు దాన్ని వదల్లేదు. 1995లో షుయిచి షిగెనో అనే చిత్రకారుడు 'ఇనిషియల్ డి' అనే బొమ్మల కథ మొదలుపెట్టాడు. కథానాయకుడు టోఫూ కొట్టు నడిపే ఆయన కొడుకు. తెల్లవారుజామున కొండ మీది హోటలుకు పాత ఏఈ86లో టోఫూ చేరవేయడం వాడి పని. టోఫూ అంటే సోయాపాలతో చేసే పనీరులాంటిది. కాస్త కుదిపితే చితికిపోతుంది. అందుకని తండ్రి ఓ కప్పులో నీళ్లు పోసి కారులో పెట్టేవాడు. 'నీళ్లు ఒలక్కుండా తీసుకెళ్లు' అంతే! అలా నడిపీ నడిపీ ఆ కుర్రాడు పెద్ద పెద్ద బళ్లను ఓడించే డ్రైవరవుతాడు.

ఆ పేరు మీదే 2012లో టయోటా, సుబారు కంపెనీలు కలిసి కొత్త కూపే తెచ్చాయి. జపాన్‌లో టయోటా 86. అమెరికాలో మొదట సియాన్ ఎఫ్ఆర్-ఎస్, 2016లో సియాన్ బ్రాండు మూతపడ్డాక టయోటా 86. దాని తోడబుట్టిందే సుబారు బీఆర్‌జెడ్. ఇంజను సుబారుది. మామూలుగా పిస్టన్లు నిలువుగా కదులుతాయి కదా... ఇందులో అడ్డంగా, ఇద్దరు బాక్సర్లు ఒకరికొకరు ఎదురుగా గుద్దులు విసురుకున్నట్టు కదులుతాయి. దాంతో ఇంజనును బాగా కిందికి అమర్చొచ్చు. బరువు కిందికి దిగితే బండి మలుపులో తూలదు. ముందు 53 శాతం, వెనక 47 శాతంగా బరువు పంచారు.

శక్తి ఎంతంటే, 200 హార్స్‌పవర్. అదే సమయంలో దాదాపు అంతే ధరకు దొరికిన వీ6 మస్టాంగ్‌లో 305! అంటే ఇది మరీ పరుగుల రాణి కాదు. బోలెడంత శక్తినిచ్చే బదులు తక్కువ బరువు, మంచి తూకం ఇచ్చారు. టైర్లు కూడా ఆర్భాటంగా లేవు. టయోటా ప్రియస్‌కు వాడిన రకమే వేశారు. పట్టు మరీ ఎక్కువైతే బండి మాట వినిపించదని! మామూలు వేగంలోనే నడిపే మనిషికి ఆనందం తెలియాలన్నది లెక్క.

ఇంకో విశేషం చెప్పనా? వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పట్టేలా తీర్చిదిద్దారు. ఈ సంగతి ఉత్సాహంగా బాబాయికి చెప్పాను. ఫోన్లో కాసేపు నిశ్శబ్దం.

"నలుగురు మనుషులు పట్టరుగానీ నాలుగు టైర్లు పడతయ్యా! బాగుందమ్మా."

రాయబారం మొదటి అంకం అక్కడితో ముగిసింది.

ధర వేరు... ఖర్చు వేరు

2012లో ఎఫ్ఆర్-ఎస్ ధర, బండి చేరవేసే చార్జీలు కాక, 24,200 డాలర్లు. 2022 మోడలుగా రెండో తరం వచ్చింది. 2.4 లీటర్ల ఇంజను, 228 హార్స్‌పవర్. పేరు జీఆర్86. మొదట 27,700 డాలర్లుండేది, ఏటా కొంచెం పెరుగుతూ 30 వేలు దాటింది. ఈలోగా పోటీ బళ్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. హ్యుందాయ్ జెనెసిస్ కూపే 2016తో, షెవర్లే కమారో 2023తో ఆగిపోయాయి.

మావాడు కొత్తది వద్దనుకున్నాడు. 2017 మోడల్ టయోటా 86 సెకండ్‌హ్యాండ్‌లో చూశాడు. ఇరవై వేల డాలర్లలోపు వస్తుంది. చేతిలో డబ్బుంది. "ఇక అడ్డేముంది?" అన్నాడు. అప్పుడే నాకో అనుమానం వచ్చింది. 'అందుబాటు ధర' అన్న మాటలో ధర ఒక్కటే ఉందా?

"ఇన్సూరెన్సు ఎంతవుతుందో అడిగావా?" అన్నాను.

అడగలేదు! కారు ఎంచుకున్నాక అడుగుదామనుకున్నాడట. అసలు అదే తిరగబడిన పద్ధతి. అమెరికాలో ప్రీమియం బండిని బట్టీ, మనిషిని బట్టీ, ఊరిని బట్టీ మారుతుంది. పెళ్లికాని కుర్రాడు, అందులో స్పోర్ట్స్ కారు అంటే కంపెనీలు ఒకటికి రెండుసార్లు లెక్క చూస్తాయి. మర్నాడు మావాడు మూడు కంపెనీల్లో కనుక్కున్నాడు. అప్పుడు నడుపుతున్న నాలుగు తలుపుల కారు కంటే ఏడాదికి ఎనిమిది వందల డాలర్లు అదనం. మూడింటిలో అదే తక్కువ!

తర్వాత టైర్లు. న్యూజెర్సీలో మంచు పడుతుంది. వేసవి టైర్ల రబ్బరు చలికి గట్టిపడి పట్టు తప్పుతుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లే కాలంలో చలికాలపు టైర్లు వేసుకోవాలన్నది లెక్క. ముందు రెండో వెనక రెండో మారిస్తే సరిపోదు, నాలుగూ మార్చాలి. వాటికి డబ్బూ కావాలి, దాచడానికి చోటూ కావాలి. ఈ బండికి మంచి పెట్రోలు కావాలి. అమెరికాలో ప్రీమియం అంటారు, మామూలు దానికంటే ఖరీదు.

ఇవన్నీ రాసి కూడితే మావాడి గొంతు కాస్త తగ్గింది. "అయితే వద్దంటావా అక్కా?"

వద్దనలేదు. నెలకు పడే అసలు ఖర్చును ఓ ఆరు నెలలు విడిగా పక్కన పెట్టి చూడమన్నాను. ఇంటికి పంపే డబ్బుకు లోటు లేకుండా గడిస్తే, అప్పుడది నిజంగా అందుబాటు ధర. మావాడు పట్టుదల మనిషి. ఆరు నెలలూ పెట్టాడు.

బాబాయి భయం

ఆ ఆరు నెలల మధ్యలో సంక్రాంతికి తెనాలి వెళ్లాను. బాబాయి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మెల్లగా కారు ఊసెత్తాను. ఈసారి బీరువా జోకు వేయలేదాయన.

"డబ్బు సంగతి కాదమ్మా. వాడు సంపాదించుకున్నాడు, వాడిష్టం. తలుపుల సంగతీ కాదు. వెనక చక్రాలు జారితే ఏమవుద్దో వాడికి తెలీదు. నాకు తెలుసు."

అప్పుడు చెప్పారు. మేమెవ్వరం వినని సంగతి. సర్వీసులో చేరిన నాలుగో ఏడు. వానాకాలం. బస్సు నిండా జనం. వంతెన దిగాక మలుపు. ఎదురుగా గేదె అడ్డొచ్చింది. మలుపులో ఉండగానే కంగారుపడి కాలు తీసి బ్రేకు తొక్కారు. అంతే... బస్సు వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. ఆ క్షణంలో స్టీరింగు చేతిలో ఉన్నా బండి తన మాట వినలేదట. పంట కాలువ గట్టు దాకా వెళ్లి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కండక్టరు దిగి ఓ బీడీ కాల్చుకుని మళ్లీ ఎక్కాడు. జనం కూడా మర్చిపోయారు. బాబాయికి మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

"మర్నాడు మా సీనియరు ఒకాయన పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఒరేయ్, బస్సులో ఎప్పుడూ ఓ ముసలమ్మ నిలబడి ఉందనుకో. చేతిలో కోడిగుడ్ల బుట్ట. కమ్మీ పట్టుకోడానికి రెండో చెయ్యి లేదు. ఆమె తూలకుండా మలుపు తిప్పితేనే నువ్వు డ్రైవరువి. బ్రేకయినా, గేరయినా, స్టీరింగయినా ఆమెనడిగి వెయ్యి... అన్నాడు. అప్పట్నుంచీ రిటైరయ్యేదాకా ఆ ముసలమ్మ నా బస్సులోనే ఉంది."

ఆయన చెప్పిందాన్నే ఆ కారు గురించి రాసేవాళ్లు 'వెయిట్ ట్రాన్స్‌ఫర్' అంటారు. మలుపులో ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలేస్తే, బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు దూకుతుంది. వెనక టైర్లు తేలికై జారతాయి. ముందు చక్రాల బండి సాధారణంగా అదుపు తప్పితే మలుపు దాటి నేరుగా పోతుంది. వెనక చక్రాల బండి తోక ఊపుతుంది. ఇప్పటి కార్లలో దీన్ని పట్టుకోవడానికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉంది. ఏ చక్రం జారుతోందో కనిపెట్టి, దానికి తగ్గట్టు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి చేశారు. మావాడు చూసిన బండిలోనూ ఉంది. సరదా పడి ఆ మీట నొక్కి ఆపేయకుండా ఉంటే చాలు.

అక్కడి నుంచే మావాడికి వీడియో కాల్ చేశాను. నీళ్ల కప్పు కథ వాడి నోటితోనే బాబాయికి చెప్పించాను. ఆ కుర్రాడూ, కొండదారీ, టోఫూ, ఒలకని నీళ్లూ... అంతా విన్నారాయన. గడ్డం నిమురుకున్నారు.

"ఆ టోఫూ కొట్టాయన మన ఆర్టీసీలో చేశాడేమో కనుక్కోరా!"

ఫోన్లో మావాడు, ఇక్కడ మేము... అందరం ఒక్కసారే నవ్వాం. తర్వాత బాబాయి మూడు షరతులు పెట్టారు. నాలుగు టైర్లూ మంచివి ఉండాలి. బండిని తెలిసిన మెకానిక్కు కింద దూరి చూడాలి. రోడ్డెక్కే ముందు ఎక్కడన్నా ఖాళీ జాగాలో నేర్చుకోవాలి. అంతే!

మెరిసేదంతా...

ఆరు నెలలు గడిచాక మావాడు మొదట చూసిన బండి ఎర్రటిది. అద్దంలా మెరుస్తోంది. ధర మిగతావాటి కంటే మూడు వేలు తక్కువ. "వెంటనే తీసుకోకపోతే సాయంత్రానికి వెళ్లిపోతుంది" అన్నాడట అమ్మే అతను. ప్రపంచంలో ఎక్కడైనా ఈ మాటొక్కటే!

బాబాయి రెండో షరతు గుర్తొచ్చి ఆగాడు. అమెరికాలో ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే ఆ బండికి చేయాల్సిన రీకాల్ మరమ్మతులు మిగిలున్నాయేమో ఉచితంగా చెబుతుంది. ఇది ముఖ్యం. ఎందుకంటే ఈ రకం కార్లలో తొలినాటివాటికి వాల్వ్ స్ప్రింగులు విరిగే ప్రమాదం ఉందని 2018 నవంబరులో రీకాల్ ప్రకటించారు. ఇంజను కిందికి దించి చేయాల్సిన పని. 2013 మోడల్ కొనేవాళ్లు ఆ పని జరిగిందా, ఎవరు చేశారు, తర్వాత ఎన్ని మైళ్లు తిరిగింది అని అడిగి తీరాలి.

ఎర్రకారుకు రీకాల్ ఏమీ లేదు. కానీ యాజమాన్య పత్రం మీద ఓ మాట ఉంది... 'రీబిల్ట్'. అంటే ఎప్పుడో పెద్ద ప్రమాదంలో ఇన్సూరెన్సు కంపెనీ పనికిరాదని వదిలేస్తే, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించిన బండి. అది తప్పేం కాదు, పత్రం మీద చెప్పే అమ్ముతారు. కానీ ఇన్సూరెన్సు దొరకడం కష్టం, తర్వాత అమ్మితే ధర రాదు. అన్నిటికీ మించి, ఛాసిస్ తిన్నగా ఉందో లేదో పైరంగు చెప్పదు. తూకమే ప్రాణమైన బండికి ఆ తూకమే పోతే ఇంకేం మిగిలింది?

మరో భ్రమ కూడా ఉంది. నచ్చకపోతే మూడు రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. డీలరు దగ్గరికెళ్లి కొన్న కారుకు అక్కడి కేంద్ర చట్టం అలాంటి హక్కేమీ ఇవ్వదు. అద్దానికి అంటించిన కాగితం మీద 'యాజ్ ఈజ్' అని ఉంటే, తర్వాత మరమ్మతులు మన జేబులోంచే.

రెండోది బూడిదరంగు బండి. యాభై దాటిన పెద్దమనిషిది. సర్వీసు కాగితాలన్నీ ఫైలు చేసి పెట్టాడు. సైలెన్సరు మార్చలేదు, ఇంజనుకు మసాలాలేవీ దట్టించలేదు. స్పోర్ట్స్ కార్లలో ఇలాంటిది దొరకడమే అదృష్టం. ఎందుకంటే చవక కూపేను ముందు కొన్నవాళ్లు కుర్రాళ్లయితే, రాత్రిళ్లు ఖాళీ పార్కింగుల్లో దాని వెనక టైర్లు ఎంత పొగ చూశాయో మనకు తెలియదు. మావాడు ఇంజను చల్లగా ఉండగా వెళ్లి స్టార్ట్ చేయించి విన్నాడు. వేరే మెకానిక్కు దగ్గర పైకెత్తించి చూపించాడు. ఆయిలు కారడం లేదు. టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. ఆ ఫొటోలన్నీ తెనాలి పంపాడు. బాబాయి కళ్లజోడు పెట్టుకుని ఒక్కో టైరూ పెద్దది చేసి చూశారట. 'తీసుకో' అని ఒకే మాట.

మరి ఇలాంటిది మన దగ్గర దొరుకుతుందా అంటారా? ఈ కారు మన షోరూముల్లోకి రాలేదు. వెనక చక్రాల కూపే అంటే ఇక్కడ ఖరీదైన వ్యవహారమే. 2016లో మస్టాంగ్ వచ్చినప్పుడు దాదాపు 65 లక్షలు! అక్కడ గుమస్తా బండి ఇక్కడ కోటీశ్వరుడి బండయింది.

శంకువుల మధ్య...

కిందటేడాది జూన్‌లో పిన్నీ బాబాయీ అమెరికా వెళ్లారు. విమానాశ్రయానికి మావాడు అద్దెకు తీసుకున్న పెద్ద వ్యానులో వచ్చాడు. నయాగరాకూ అందులోనే. ఏడాదంతా పెద్ద కారు మోసే బదులు, అవసరమైన పది రోజులు అద్దెకు తీసుకోవడమే చవకని లెక్క వేశాడట. పిన్ని ఒక్కసారి మాత్రం కూపే ముందు సీట్లో కూర్చుని గుడికి వెళ్లొచ్చింది. "రోడ్డు మీద పీటేసుకుని కూర్చున్నట్టుందే!" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

మూడో షరతు గుర్తుంది కదూ? అక్కడ ఆటోక్రాస్ అని ఓ ఆట ఉంది. విశాలమైన ఖాళీ పార్కింగు స్థలంలో నారింజరంగు శంకువులు పేర్చి, మెలికల దారి చేస్తారు. ఒక్కొక్కరుగా వెళ్లి రావాలి. ఎదురొచ్చే బండి లేదు, గుద్దుకునే చెట్టు లేదు. తలకు హెల్మెట్ ఉండాలి. శంకువును పడేస్తే ఒక్కోదానికి రెండు సెకన్లు అదనంగా కలుపుతారు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఊరూరా ఇలాంటివి నడుపుతుంది. సొంత కారుతోనే వెళ్లొచ్చు. బండి ఎక్కడ జారుతుందో, జారితే ఏం చేయాలో ప్రాణభయం లేకుండా నేర్చుకునే చోటు అది.

ఓ ఆదివారం పొద్దున్నే మావాడు బాబాయిని అక్కడికి తీసుకెళ్లాడు. పక్కనున్న ఎవరో తీసిన వీడియో నాకు పంపాడు. తెల్లచొక్కా, నెత్తిన ఎండ టోపీ... గీత అవతల చేతులు వెనక్కి కట్టుకుని బాబాయి. డిపోలో కొత్త డ్రైవర్లను చూసినట్టే చూస్తున్నారు. మావాడు మొదటిసారి వెళ్లాడు. టైర్లు కీచుమన్నాయి. రెండు శంకువులు ఎగిరిపడ్డాయి. దిగి నవ్వుతూ వచ్చాడు. "ఎలా ఉంది నాన్నా?"

బాబాయి నవ్వలేదు. వేలు చూపించారు.

"రెండో మలుపులో ముసలమ్మ పడిపోయిందిరా. గుడ్లన్నీ పగిలినయ్."

మావాడు కాసేపు నిలబడిపోయాడు. తర్వాత వెళ్లి సీట్లో కూర్చున్నాడు. రెండోసారి వీడియోలో చప్పుడు లేదు. కీచుమనడం లేదు. మలుపుకు ముందే బ్రేకు, మలుపులో నిలకడ, దాటాక మెల్లగా తొక్కడం. బండి తాడు మీద నడిచినట్టు వచ్చింది. ఒక్క శంకువూ కదల్లేదు. బోర్డు మీద టైము చూస్తే... మొదటిసారి కంటే తక్కువ! నెమ్మదిగా వెళ్లినట్టనిపించింది, త్వరగా వచ్చేశాడు.

వీడియో చివర్లో మావాడు పరిగెత్తుకొచ్చాడు. బాబాయి అప్పటికే కారు దగ్గరికి నడుస్తున్నారు. వంగి వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉందేమో... ముప్ఫై రెండేళ్ల అలవాటు. తర్వాత కొడుకు వైపు తిరిగి అడిగారు.

"ఇంకో ట్రిప్పు ఉందా?"